వాహనాల ఇంధన పొదుపు, ప్రయాణ పరిధి: నంద్యాల – ఆళ్లగడ్డ క్షేత్ర పర్యటనల దృష్ట్యా ఒక పోలిక

విస్తరణ శాస్త్రవేత్త పనిలో పొలం ఎంత ముఖ్యమో, ఆ పొలానికి చేర్చే దారీ అంతే ముఖ్యం. 1906లో నెలకొన్న నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచి శిరివెళ్ల, ఆళ్లగడ్డ, రుద్రవరం, చాగలమర్రి మండలాలకు 40వ నంబరు జాతీయ రహదారి మీదుగా క్షేత్ర పర్యటనలు సాగుతుంటాయి. పత్తిలో గులాబీ రంగు పురుగు, శనగలో ఎండు తెగులు కనిపించినట్లు కబురు అందిన తరువాత శాస్త్రవేత్త రెండు మూడు రోజులు ఆలస్యంగా చేరితే ఆ సలహా విలువ సగానికి తగ్గుతుంది. కాబట్టి వాహనం ఎంత ఖర్చుతో నడుస్తుంది, ఒకసారి ఇంధనం నింపితే ఎంత దూరం పోయి తిరిగి రాగలదు అనే ప్రశ్నలు విస్తరణ సేవల నాణ్యతకు సంబంధించినవే.

ఇప్పుడు విపణిలో పెట్రోలు, డీజిల్ కార్లతోపాటు సి.ఎన్.జి., హైబ్రిడ్, విద్యుత్ కార్లు లభిస్తున్నాయి. బంకుల్లో లభించే పెట్రోలు కూడా 20 శాతం ఇథనాల్ కలిసిన ఇ-20గా మారింది. రైతులు సైతం కొత్త కారు కొనే ముందు శాస్త్రవేత్తలను సలహా అడగడం పరిపాటి అయింది. ఈ నేపథ్యంలో వివిధ వాహనాలను ఏ ప్రాతిపదికపై పోల్చాలి, ప్రకటనల్లోని సంఖ్యలను మన దారులకు, మన ఎండలకు ఎలా అన్వయించుకోవాలి అన్న విషయాలను ఈ వ్యాసంలో వివరించడమైనది.

ఇంధన పొదుపు కొలమానాలు

మన దేశంలో ఇంధన పొదుపును లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అనే లెక్కలో చెబుతారు. సాధారణ వ్యవహారానికి ఇది సరిపోయినా, పోలికకు వచ్చేసరికి తప్పుదారి పట్టించే అవకాశం ఉంది. ఉదాహరణకు లీటరుకు 10 కి.మీ. ఇచ్చే పాత జీపు స్థానంలో 15 కి.మీ. ఇచ్చే వాహనం వచ్చిందనుకొందాం. వెయ్యి కి.మీ. ప్రయాణానికి 100 లీటర్లకు బదులు 67 లీటర్లు చాలును. అంటే 33 లీటర్లు ఆదా. మరొకచోట 20 కి.మీ. ఇచ్చే కారు స్థానంలో 30 కి.మీ. ఇచ్చే కారు వస్తే, 50 లీటర్లకు బదులు 33 లీటర్లు అవసరమవుతాయి. ఆదా 17 లీటర్లు మాత్రమే. చూడడానికి రెండవ మార్పు పెద్దదిగా తోచినా, ఆదా మొదటిదానిలోనే రెట్టింపు. అందువల్ల 100 కి.మీ.కు ఎంత ఇంధనం ఖర్చవుతుంది అనే లెక్కను పాటించడం శాస్త్రీయం.

వేర్వేరు ఇంధనాలను పోల్చేటప్పుడు మరొక జాగ్రత్త అవసరం. లీటరు పెట్రోలులో సుమారు 8.9 యూనిట్ల (కిలోవాట్ గంటల) శక్తి ఉంటుంది. లీటరు డీజిల్‌లో సుమారు 10 యూనిట్లు, కిలో సి.ఎన్.జి.లో 13 యూనిట్లకు పైగా ఉంటాయి. అంటే శక్తి లెక్కన ఒక కిలో సి.ఎన్.జి. దాదాపు ఒకటిన్నర లీటర్ల పెట్రోలుకు సమానం. మారుతీ వ్యాగన్ ఆర్ కారుకు పెట్రోలుపై లీటరుకు 24.35 కి.మీ., సి.ఎన్.జి.పై కిలోకు 34.05 కి.మీ. అని కంపెనీ ప్రకటించింది. రెండవ సంఖ్యను ఒకటిన్నరతో భాగిస్తే పెట్రోలుతో సమానమైన కొలతలో సుమారు 23 కి.మీ. వస్తుంది. అంటే సి.ఎన్.జి. వల్ల ఇంజను సామర్థ్యం పెరగలేదు; కిలో వాయువులో శక్తి ఎక్కువ, ఆ శక్తి ధర తక్కువ. ఆదాకు మూలం అదే.

ప్రకటిత సంఖ్య ఎలా వస్తుంది?

కార్ల కంపెనీలు ప్రకటించే మైలేజీని ప్రయోగశాలలో రోలర్లపై కారును నడిపి నిర్ణయిస్తారు. ఇందుకు సవరించిన భారతీయ చోదక చక్రం అనే ప్రామాణిక పద్ధతిని పాటిస్తారు. ఈ పరీక్ష 1,180 సెకన్లపాటు, అంటే 20 నిమిషాలకు కొద్దిగా తక్కువగా సాగుతుంది. అందులో కారు నడిచే దూరం సుమారు 10.6 కి.మీ.; సగటు వేగం గంటకు సుమారు 32 కి.మీ.; గరిష్ఠ వేగం 90 కి.మీ. ఎయిర్ కండిషనర్ ఆపి ఉంటుంది. ఎదురుగాలి, ఎత్తుపల్లాలు, గుంతలు, నలుగురు మనుషుల బరువు ఏవీ ఉండవు.

అన్ని కార్లనూ ఒకే తీరున పరీక్షిస్తారు కాబట్టి ఒక కారును మరొక కారుతో పోల్చడానికి ఈ సంఖ్య ఉపయోగపడుతుంది. అయితే మే నెలలో ఆళ్లగడ్డ దారిలో ఎంత వస్తుందో చెప్పడానికి అది సరిపోదు. పెట్రోలు, డీజిల్ కార్లలో ప్రకటిత సంఖ్యలో సుమారు నాలుగింట మూడు వంతులు లభిస్తాయని అనుకొని ప్రణాళిక వేసుకోవడం క్షేమకరం. విద్యుత్ కార్లలో ఈ అంతరం ఇంకా ఎక్కువ. నెమ్మదైన వేగం, తరచు ఆగడం విద్యుత్ కారుకు అనుకూలించే పరిస్థితులు. పరీక్షా చక్రంలో అవే అధికం. రహదారిపై నిలకడగా సాగే వేగం, ఎయిర్ కండిషనర్ దానికి ప్రతికూలం. మన పర్యటనల్లో ఇవే అధికం.

వివిధ కార్ల ప్రయాణ పరిధి

కింది పట్టికలో ప్రకటిత సంఖ్యలు కంపెనీలు వెల్లడించినవి. మోడలు మారినప్పుడు వీటిలో స్వల్ప తేడాలు వస్తుంటాయి. క్షేత్ర పరిధి మాత్రం ఈ వ్యాసానికి వేసిన అంచనా. ఇంజను కార్లకు ప్రకటిత మైలేజీలో సుమారు 75 శాతం తీసుకొని, ట్యాంకులో 15 శాతం నిల్వగా మిగిల్చి లెక్కించడమైనది. విద్యుత్ కార్లకు 100 కి.మీ.కు చిన్నకారులో 12, పెద్దకారులో 15 యూనిట్ల ఖర్చు చొప్పున, బ్యాటరీ 90 శాతం నుంచి 10 శాతం వరకు మాత్రమే వాడినట్లు లెక్కించడమైనది.

| కారు, ఇంధనం | నిల్వ సామర్థ్యం | ప్రకటిత మైలేజీ / పరిధి | భరోసాగా నమ్మదగిన క్షేత్ర పరిధి |
|---|---|---|---|
| వ్యాగన్ ఆర్, పెట్రోలు | 32 లీటర్లు | లీటరుకు 24.35 కి.మీ. | 490 కి.మీ. |
| వ్యాగన్ ఆర్, సి.ఎన్.జి. | సుమారు 8 కిలోలు | కిలోకు 34.05 కి.మీ. | 170 కి.మీ. (పెట్రోలు ట్యాంకు అదనం) |
| హ్యుందాయ్ క్రెటా, డీజిల్ | 50 లీటర్లు | లీటరుకు 21.8 కి.మీ. | 680 కి.మీ. |
| గ్రాండ్ విటారా, హైబ్రిడ్ | 45 లీటర్లు | లీటరుకు 27.97 కి.మీ. | 800 కి.మీ. |
| టియాగో, విద్యుత్ | 24 యూనిట్లు | 315 కి.మీ. (2022 విడుదల నాటిది) | 160 కి.మీ. |
| నెక్సాన్, విద్యుత్ | 45 యూనిట్లు | 489 కి.మీ. | 240 కి.మీ. |

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు సుమారు 40 కి.మీ., అహోబిలానికి సుమారు 70 కి.మీ. దూరం. పెట్రోలు, డీజిల్, హైబ్రిడ్ కార్లకు ఈ దూరం లెక్కలోనిది కాదు. వారంలో ఒకసారి ఇంధనం నింపితే చాలును. చిన్న విద్యుత్ కారుకు మాత్రం అహోబిలం పోయి, చుట్టుపక్కల గ్రామాలు తిరిగి, సాయంత్రం నంద్యాల చేరే పర్యటన సరిగ్గా పరిధి అంచున నిలుస్తుంది. ఈ ప్రాంతానికి పోలిక ప్రత్యేకంగా అవసరమవడానికి కారణం ఇదే.

ఒక్కొక్క ఇంధనం తీరు

పెట్రోలు, ఇ-20: ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోలులోని శక్తిలో మూడింట రెండు వంతులే. కావున 20 శాతం ఇథనాల్ కలిపినప్పుడు లీటరు మిశ్రమంలో శక్తి, శుద్ధ పెట్రోలుతో పోలిస్తే 7 శాతం దాకా తగ్గుతుంది. 2021 జూన్‌లో వెలువడిన నీతి ఆయోగ్ నిపుణుల సంఘం నివేదిక కూడా, శుద్ధ పెట్రోలుకు రూపొందించి ఇ-10కు సర్దుబాటు చేసిన కార్లలో ఇ-20 వాడితే మైలేజీ 6–7 శాతం తగ్గుతుందని, ఇ-10కు రూపొందించి ఇ-20కి సర్దుబాటు చేసిన కార్లలో 1–2 శాతం మాత్రమే తగ్గుతుందని అంచనా వేసింది. ఇథనాల్‌కు ఆక్టేన్ విలువ ఎక్కువ. ఆ గుణాన్ని వాడుకొనేలా ఇంజనును సర్దితే కొంత నష్టం పూడుతుంది. పాత కార్లలో రబ్బరు గొట్టాలు, గాస్కెట్ల స్థితిని మెకానిక్‌తో చూపించుకోవడం అవసరం.

డీజిల్: లీటరులో పెట్రోలు కంటే 12 శాతం దాకా శక్తి ఎక్కువ, ఇంజను సామర్థ్యమూ ఎక్కువ. బరువైన వాహనాలకు, మట్టిదారులకు ఇది ఇప్పటికీ అనువైనది. అయితే కొత్త డీజిల్ కార్లలో మసిని పట్టే వడపోత ఉంటుంది. ప్రతిదినం ఐదారు కిలోమీటర్లు మాత్రమే తిరిగే కారులో ఆ వడపోత తగినంత వేడెక్కక మూసుకుపోతుంది. దూర ప్రయాణాలు లేనివారికి డీజిల్ తగదు.

సి.ఎన్.జి.: 60 లీటర్ల సిలిండరులో ఆచరణలో 8–9 కిలోల వాయువు పడుతుంది. వాయువును వేగంగా నింపేటప్పుడు సిలిండరు వేడెక్కుతుంది. వేడి వాయువు తక్కువ బరువుకే పూర్తి పీడనాన్ని చేరుతుంది. అందువల్ల వేసవి మధ్యాహ్నం కంటే ఉదయం వేళ నింపుకోవడం మేలు. పెట్రోలు ట్యాంకు కూడా ఉండడం వల్ల దారిలో నిలిచిపోయే భయం లేదు. అయితే చాలా మోడళ్లలో సిలిండరు వెనుక డిక్కీని ఆక్రమిస్తుంది. మట్టి నమూనాల సంచులు, లింగాకర్షక బుట్టలు, ప్రదర్శన సామగ్రి తీసుకుపోవలసిన విస్తరణ సిబ్బంది ఈ విషయాన్ని ముందే గమనించాలి.

హైబ్రిడ్: ఇందులో పెట్రోలు ఇంజనుతోపాటు చిన్న బ్యాటరీ, మోటారు ఉంటాయి. బ్రేకు వేసినప్పుడు వృథా కావలసిన శక్తి బ్యాటరీకి చేరుతుంది. బయట నుంచి చార్జి చేయనవసరం లేదు. నంద్యాల పట్టణ వీధుల్లో, గ్రామాల మధ్య ఆగుతూ సాగే ప్రయాణంలో దీని ఆదా ఎక్కువ. నిలకడగా 90 కి.మీ. వేగంతో సాగే రహదారిపై ఆదా తక్కువ.

విద్యుత్: పెట్రోలు ఇంజను ఇంధనంలోని శక్తిలో నాలుగో వంతు లేదా కొంచెం ఎక్కువ మాత్రమే చక్రాలకు చేర్చగలదు, మిగిలినది వేడిగా పోతుంది. విద్యుత్ మోటారు 85 శాతానికి పైగా చేరుస్తుంది. అందుకే 24 యూనిట్ల బ్యాటరీతో, అంటే మూడు లీటర్లకు లోపు పెట్రోలులోని శక్తితో, 200 కి.మీ. దాకా పోవడం సాధ్యమవుతోంది. పరిమితి అంతా నిల్వలోనే ఉంది: కొన్ని వందల కిలోల బ్యాటరీలో ఉండే శక్తి ఒక చిన్న పెట్రోలు డబ్బాకు సమానం.

పరిధిని తగ్గించే స్థానిక కారణాలు

వేగం: గాలి నిరోధం వేగపు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. 80 కి.మీ. వేగం నుంచి 100 కి.మీ. వేగానికి పోతే, ప్రతి కిలోమీటరుకు గాలిని చీల్చడానికి అయ్యే శక్తి 56 శాతం పెరుగుతుంది. 80 కి.మీ. వేగంతో పోతున్న కారుకు 20 కి.మీ. ఎదురుగాలి తగిలినా ఫలితం అదే. నాలుగు వరుసల రహదారిపై పది నిమిషాలు ముందుగా చేరాలన్న ఆతురత పరిధిని గణనీయంగా హరిస్తుంది.

ఎండ: నంద్యాల ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సామాన్యం. ఎయిర్ కండిషనర్‌కు గంటకు సుమారు ఒక యూనిట్ నుంచి ఒకటిన్నర యూనిట్ విద్యుత్ కావాలి. ఈ ఖర్చు కాలాన్ని బట్టి ఉంటుంది, దూరాన్ని బట్టి కాదు. కావున గ్రామదారుల్లో నెమ్మదిగా పోయేటప్పుడు కిలోమీటరుకు పడే భారం ఎక్కువ. చెట్టు నీడ లేక, కారును ఎయిర్ కండిషనర్‌తో రెండు గంటలు నిలిపి ఉంచితే సుమారు 20 కి.మీ. పరిధి పోయినట్లే. పెట్రోలు కారు అదే విధంగా నిలిచి ఉంటే గంటకు అర లీటరు నుంచి లీటరు వరకు ఖర్చు కావచ్చు.

నేల: తారురోడ్డుపై కంటే మెత్తని మట్టిబాటలో చక్రాల దొర్లుడు నిరోధం మూడు నాలుగు రెట్లు ఉంటుంది. వాన పడిన నల్లరేగడి బాటలో అంతకుమించి ఉంటుంది. పొలం గట్టు దాకా కారు తీసుకుపోవడం కంటే డొంక మొదట్లో నిలిపి నడవడం అన్ని ఇంధనాలకూ పొదుపే. టైర్లలో గాలి తక్కువైనా ఇదే నష్టం కలుగుతుంది.

ఎత్తు: ఎగువ అహోబిలం దారి, నంద్యాల – గిద్దలూరు నల్లమల ఘాట్ దారి వంటివాటిలో ఎత్తు ప్రభావం కనబడుతుంది. 1,200 కిలోల వాహనం 300 మీటర్ల ఎత్తు ఎక్కడానికి చక్రాల వద్ద సుమారు ఒక యూనిట్ శక్తి కావాలి. విద్యుత్, హైబ్రిడ్ కార్లలో దిగేటప్పుడు ఇందులో సగానికి పైగా తిరిగి బ్యాటరీకి చేరుతుంది. సాధారణ కార్లలో అదంతా బ్రేకుల్లో వేడిగా పోతుంది.

ఒక నమూనా పర్యటన లెక్క

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ, రుద్రవరం, అహోబిలం పరిసర గ్రామాలు తిరిగి 150 కి.మీ. పూర్తిచేసే పర్యటనను 24 యూనిట్ల బ్యాటరీ కారుతో చేశామనుకొందాం. ఎయిర్ కండిషనర్ లేకుండా 100 కి.మీ.కు 10.5 యూనిట్ల చొప్పున సుమారు 16 యూనిట్లు ఖర్చవుతాయి. శనగ పంట కాయదశలో ఉండే జనవరిలో ఇంతటితో సరిపోతుంది. 8 యూనిట్లు మిగిలి ఉండగా ఇల్లు చేరవచ్చు.

అదే పర్యటన మే నెలలో అయితే, గంటకు 35 కి.మీ. సగటున చక్రాలపై నాలుగున్నర గంటలకు కొద్దిగా తక్కువ కాలం గడుస్తుంది. ఎయిర్ కండిషనర్‌కు గంటకు 1.2 యూనిట్ల చొప్పున సుమారు 5 యూనిట్లు అదనం. రైతులతో మాట్లాడేటప్పుడు గంటన్నర సేపు కారును అలాగే ఉంచితే మరో 2 యూనిట్లు. మొత్తం 23 యూనిట్లు. నిండు బ్యాటరీతో బయలుదేరినా చివరకు మిగిలేది ఒక్క యూనిట్ మాత్రమే. ఒక వంక దగ్గర దారి మూసి చుట్టుతిరిగి రావలసి వస్తే కారు మధ్యలో ఆగిపోతుంది. అదే కారు, అదే దారి; మారినది కాలం ఒక్కటే.

దీనికి పరిష్కారం పెద్ద బ్యాటరీయే కానక్కరలేదు. సరైన ఎర్తింగ్ ఉన్న 15 ఆంపియర్ల సాకెట్ ద్వారా గంటకు సుమారు రెండున్నర యూనిట్లు బ్యాటరీకి చేరుతాయి. ఆళ్లగడ్డలో మధ్యాహ్నం సమావేశం జరిగే రెండు గంటలలో 5 యూనిట్లు, అంటే 30 కి.మీ.కు పైగా పరిధి, తిరిగి లభిస్తుంది. విద్యుత్ వాహనాలను అద్దెకు తీసుకొనే కార్యాలయాలు ఖరీదైన వేగ చార్జింగ్ యంత్రాల కోసం ఎదురుచూడకుండా, తాము వెళ్లే రైతు సేవా కేంద్రాలలో ఇటువంటి సాకెట్ ఒక్కొక్కటి ఏర్పరచుకొంటే చాలావరకు సమస్య తీరుతుంది. ఇంటి లైట్ల కోసం వేసిన సన్నని తీగల నుంచి గంటల తరబడి చార్జి చేయడం మాత్రం ప్రమాదకరం.

ఖర్చు, పెట్టుబడి తిరిగివచ్చే కాలం

ధరలు మారుతుంటాయి కాబట్టి ఇక్కడ లెక్క చేసే పద్ధతి ముఖ్యం. ఉదాహరణకు పెట్రోలు లీటరు 110, డీజిల్ 97, సి.ఎన్.జి. కిలో 90 రూపాయలు, ఇంటి విద్యుత్ యూనిట్ 7 రూపాయలు, బయటి వేగ చార్జింగ్ యూనిట్ 20 రూపాయలు అనుకొందాం. చార్జింగ్‌లో కొంత విద్యుత్ వృథా అవుతుంది గనుక చిన్న విద్యుత్ కారుకు మీటరు వద్ద 100 కి.మీ.కు 14 యూనిట్లు తీసుకోవాలి. ఆ ప్రకారం కిలోమీటరుకు చిన్న పెట్రోలు కారుకు (లీటరుకు 18 కి.మీ.) సుమారు 6.10 రూపాయలు, పెద్ద డీజిల్ కారుకు (16 కి.మీ.) 6.06, హైబ్రిడ్‌కు (21 కి.మీ.) 5.24, సి.ఎన్.జి.కి (కిలోకు 25 కి.మీ.) 3.60, విద్యుత్ కారుకు ఇంట్లో చార్జి చేస్తే 0.98, బయట చేస్తే 2.80 రూపాయలు అవుతుంది. డీజిల్, హైబ్రిడ్ కార్లు పెద్దవి కావడాన్ని ఈ పోలికలో మరువరాదు.

కొనుగోలు ధరలో తేడా ఇంధన ఆదాతో ఎన్నాళ్లకు తీరుతుందన్నది అసలు ప్రశ్న. పెట్రోలు కారు కంటే సి.ఎన్.జి. కారు 95,000 రూపాయలు ఎక్కువ అనుకొంటే, ఏటా 15,000 కి.మీ. తిరిగేవారికి రెండున్నర ఏళ్లలో తీరుతుంది. ఏటా 6,000 కి.మీ. మాత్రమే తిరిగే రైతు కుటుంబానికి ఆరేళ్లు దాటుతుంది. విద్యుత్ కారు 3 లక్షల రూపాయలు ఎక్కువ అనుకొంటే, ఇంట్లోనే చార్జి చేసుకొని 15,000 కి.మీ. తిరిగేవారికి నాలుగేళ్లకు లోపు, సగం చార్జింగ్ బయట చేసేవారికి దాదాపు నాలుగేళ్ల తొమ్మిది నెలలు, 6,000 కి.మీ. తిరిగేవారికి దాదాపు పదేళ్లు పడుతుంది. బ్యాటరీకి సాధారణంగా 8 ఏళ్లు లేదా 1,60,000 కి.మీ. వారంటీ ఉంటుంది. తక్కువ తిరిగేవారికి వారంటీ కాలం ముగిసినా తేడా తీరదు. కాబట్టి విద్యుత్ కారు ఎక్కువ దూరం తిరిగేవారికి లాభసాటి. అయితే దినదిన ప్రయాణం దాని పరిధికి లోపల ఉండాలి. ఈ రెండు షరతులూ కలిసినప్పుడే దానిని సిఫార్సు చేయాలి.

కర్బన ఉద్గారాలు, ఎకరం లెక్క

లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల, లీటరు డీజిల్ మండితే 2.7 కిలోల, కిలో సి.ఎన్.జి. మండితే 2.75 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. మన దేశపు విద్యుత్‌లో అధికభాగం బొగ్గు నుంచి వస్తున్నందున యూనిట్‌కు సుమారు 0.7 కిలోల ఉద్గారం ఉంటుంది. ఈ లెక్కన కిలోమీటరుకు చిన్న పెట్రోలు కారు 128 గ్రాములు, సి.ఎన్.జి. కారు 110 గ్రాములు, విద్యుత్ కారు సుమారు 100 గ్రాములు వెలువరిస్తాయి. పొగ గొట్టం లేనంత మాత్రాన విద్యుత్ కారు కాలుష్యరహితం కాదు. చార్జి చేసే విద్యుత్ ఎక్కడిదన్నదే నిర్ణాయకం.

ఈ విషయంలో మన ప్రాంతానికి ఒక సౌలభ్యం ఉంది. గని, శకునాల గ్రామాల పరిధిలో 1,000 మెగావాట్ల సామర్థ్యంతో కర్నూలు సౌర పార్కు 2017 నుంచి పనిచేస్తోంది. ఇంటి కప్పుపై 3 కిలోవాట్ల సౌర ఫలకాలు పెట్టుకొంటే రోజుకు సగటున 12 యూనిట్లు వస్తాయి. చిన్న విద్యుత్ కారుకు అది 85 కి.మీ. ప్రయాణం. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద ఇటువంటి ఏర్పాటుకు 78,000 రూపాయల వరకు కేంద్ర రాయితీ ఉంది. పగలు కారు పొలం దారుల్లో ఉన్నా, నెట్ మీటరు ద్వారా ఆ విద్యుత్ గ్రిడ్‌కు జమ అవుతుంది.

వ్యవసాయ విద్యార్థులు మరొక లెక్కను కూడా పరిశీలించదగును. ఎకరాకు 30 క్వింటాళ్ల మొక్కజొన్న పండితే, టన్నుకు సుమారు 380 లీటర్ల చొప్పున 1,140 లీటర్ల ఇథనాల్ వస్తుంది. శక్తిలో అది 755 లీటర్ల పెట్రోలుకు సమానం. చిన్న కారుకు సుమారు 13,600 కి.మీ. ప్రయాణం. అదే ఎకరంలో సౌర ఫలకాలు ఉంటే, మెగావాట్‌కు ఆరెకరాల చొప్పున, ఏటా సుమారు రెండున్నర లక్షల యూనిట్లు వస్తాయి. పంపిణీ నష్టం 15 శాతం తీసివేసినా విద్యుత్ కారుకు 15 లక్షల కి.మీ. ప్రయాణం అవుతుంది. అంటే నూరు రెట్లకు పైగా.

ఈ ఒక్క సంఖ్యను చూసి ఇథనాల్‌ను తోసిపుచ్చరాదు. ఇథనాల్ తీయగా మిగిలిన పిప్పి పశువుల దాణా అవుతుంది. పాత వాహనాలను మార్చకుండానే దిగుమతి పెట్రోలు కొంత తగ్గుతుంది. మొక్కజొన్న రైతుకు అదనపు గిరాకీ లభిస్తుంది. మరోవైపు కోళ్ల దాణాకు గింజ కొరవడడం, నీటి వినియోగం, నేల సారం వంటి ప్రశ్నలూ ఉన్నాయి. పంట భూమిని పంటకు ఉంచి, బీడు భూములను, ఇంటి కప్పులను సౌర విద్యుత్‌కు, పంట వ్యర్థాలను, పేడను జీవ వాయువుకు వాడుకోవడం సమంజసమైన విభజన. శుద్ధిచేసి సంపీడనం చేసిన జీవ వాయువు సి.ఎన్.జి.కి బదులుగా అదే కారులో పనిచేస్తుంది; 2018 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన సతత్ పథకం ఉద్దేశం ఇదే.

మైలేజీని క్షేత్రస్థాయిలో కొలిచే పద్ధతి

కార్యాలయ వాహనాలకు నిజమైన మైలేజీ తెలుసుకోవడానికి డాష్‌బోర్డు సంఖ్యపై ఆధారపడకుండా కింది పద్ధతి పాటించాలి.

1. ఒకే బంకులో, ఒకే యంత్రం వద్ద, గొట్టం తనంతట తాను ఆగేవరకు ట్యాంకు నింపి ఓడోమీటరు అంకె రాసుకోవాలి.
2. కనీసం 300 కి.మీ. తిరిగిన తరువాత అదే విధంగా మళ్లీ నింపి, పట్టిన లీటర్లను, తిరిగిన దూరాన్ని నమోదు చేయాలి.
3. సి.ఎన్.జి. కారుకు కిలోలు, విద్యుత్ కారుకు చార్జింగ్ మీటరు యూనిట్లు రాయాలి. బ్యాటరీ శాతం మాత్రమే చూస్తే చార్జింగ్ నష్టం లెక్కకు రాదు.
4. ప్రతి నమోదులో నెల, ఎయిర్ కండిషనర్ వాడకం, మనుషుల సంఖ్య, తారురోడ్డు – మట్టిబాట నిష్పత్తి సూచించాలి.
5. రబీ, వేసవి, ఖరీఫ్ కాలాలకు విడివిడిగా కనీసం ఐదేసి నమోదులు చేసి, సగటుతోపాటు అన్నిటికంటే తక్కువ విలువను కూడా గుర్తించాలి.

ఖర్చు అంచనాకు సగటు విలువ ఉపయోగపడుతుంది. పర్యటన ప్రణాళికకు మాత్రం అన్నిటికంటే తక్కువ విలువనే ఆధారం చేసుకోవాలి. దిగుబడి సగటును చూసి రకాన్ని ఎన్నుకొన్నా, బెట్టకాలపు దిగుబడిని చూసి నిలకడను అంచనా వేయడం మనకు తెలిసిన సూత్రమే. వాహనానికీ అదే వర్తిస్తుంది.

ముగింపు

నంద్యాల – ఆళ్లగడ్డ ప్రాంతంలో రోజుకు 100 కి.మీ. లోపు, ఏటా 12,000 కి.మీ.కు పైగా తిరిగి, రాత్రి ఒకేచోట చార్జి చేసుకోగలిగినవారికి చిన్న విద్యుత్ కారు అనువైనది. రోజుకు 150 కి.మీ. దాటే పర్యటనలు తరచుగా ఉంటే పెద్ద బ్యాటరీ కారు గాని, మధ్యాహ్నపు చార్జింగ్ ఏర్పాటు గాని తప్పనిసరి. దారిలో బంకు ఉన్నచోట సి.ఎన్.జి. కారు మధ్యేమార్గం; సామాన్ల స్థలం తగ్గుతుందన్నది దాని లోపం. మట్టిబాటలు, బరువులు, దూర ప్రయాణాలు కలిసిన పనికి డీజిల్ వాహనం ఇంకా నిలబడుతుంది. ఏటా ఐదారు వేల కి.మీ. మాత్రమే తిరిగే రైతు కుటుంబానికి సాధారణ పెట్రోలు కారే పొదుపు; ప్రకటనను చూసి లక్షలు అదనంగా పెట్టడం అప్పును పెంచుకోవడమే అవుతుంది.

విస్తరణ శాస్త్రవేత్తలు ఈ పోలికను రైతులకు వివరించేటప్పుడు ఏ వాహనం మంచిదన్న ప్రశ్నకు ముందుగా మూడు ఎదురుప్రశ్నలు వేయడం మంచిది: రోజుకు గరిష్ఠంగా ఎంత దూరం? ఏడాదికి మొత్తం ఎంత? రాత్రి కారు ఎక్కడ నిలుస్తుంది? వీటికి జవాబు దొరికితే ఇంధనం ఎంపిక చాలావరకు తేలిపోతుంది.